మూడో తొట్టి చేపల అలక

"మీరు వెళ్లేసరికి చేపలు ఎలా ఉన్నాయి?"

కటకటాల అవతల బెంచీ మీద కూర్చున్న మనిషి తలెత్తి, మతి ఉండే అడుగుతున్నానా అన్నట్టు చూశాడు. నిన్న సాయంత్రం తడిసిన చొక్కా ఒంటి మీదే ఆరి అట్టలా బిగుసుకుపోయింది. కూతురు తెచ్చిన పొడి చొక్కా పక్కనే మడత విప్పకుండా ఉంది.

"అక్కడ మనిషి చావుబతుకుల్లో ఉంటే చేపల గురించి అడుగుతారేంటండీ?"

"మనిషి గురించి మా ఇన్‌స్పెక్టరుగారు రాత్రంతా అడిగే ఉంటారు. చేపల గురించి ఎవరూ అడిగి ఉండరు. అందుకని అడుగుతున్నాను."

మా ఇన్‌స్పెక్టరుగారంటే నా సొంత బావమరిది. బావమరిది బతుకు కోరతాడని సామెత. నా బావమరిది మాత్రం నా గుమ్మానికున్న డిటెక్టివ్ బోర్డు ఎప్పుడు ఊడిపడుతుందా అని ఎదురుచూస్తుంటాడు. ఇవాళ కూడా వాళ్లక్క ఫోన్ చేసి చీవాట్లు పెడితే తప్ప నన్ను లోపలికి రానివ్వలేదు. ఇచ్చింది పది నిమిషాలు. అందులో సగం, తాళం దొరకలేదంటూ కావాలనే తినేశాడు.

బోనులో ఉన్న ఆయన్ని అందరూ పురుగులాయన అంటారు. అది తిట్టు కాదు, ఆయన వృత్తి. కుళ్లిన కూరగాయల మీద నల్ల ఈగల పురుగుల్ని పెంచి, ఎండబెట్టి, పిండి కొట్టి చేపలకి మేత తయారుచేస్తాడు. ఇన్నాళ్లూ పెంపకం చేపలకి పెట్టే బలమైన మేతంటే సముద్రంలో పట్టిన చిన్న చేపల పొడే. చేపని పెంచడానికి చేపని చంపడమేమిటని, పైగా ఆ చిన్న చేపలూ దొరకడం లేదని, ఇప్పుడు అందరూ దానికి బదులు వెతుకుతున్నారు. ఊరి చివర చేపల షెడ్డులో అందుకే ఒక పోటీ పెట్టారు. మూడో తొట్టిలో పండుగప్పలకి పురుగుల మేత. ఐదో తొట్టిలో పండుగప్పలకి సోయా మేత. నెలల తరబడి పెంచాక, వాటి పేగులు కోసి చూసి, ఏ మేత చేప ఒంటికి పడిందో చెప్పే పని చేపల డాక్టరమ్మది.

సోయా మేత తయారుచేసే మిల్లాయన ఆ డాక్టరమ్మ భర్తే. అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొగుడి కూరలో ఉప్పు తక్కువైతే పదిమందిలో చెప్పే రకం ఆవిడ. ఆవిడ మాట మీద అందరికీ అంత గురి.

నిన్న పొద్దు వాలుతుండగా ఆ డాక్టరమ్మ తల పగిలి, మూడో తొట్టి నీళ్లలో సగం మునిగి ఉంది. ఆవిడని రెండు చేతుల మీద ఎత్తుకుని, నిలువెల్లా తడిసి, షెడ్డు బయటికి వచ్చింది ఈ పురుగులాయన. అదే రోజు పొద్దున ఇద్దరూ ఘోరంగా పోట్లాడుకున్నారు. ఇంక మా బావమరిదికి కావలసిందేముంది? మూడింటికి కోర్టులో హాజరు పరుస్తానని అప్పుడే మీసం సవరించుకుంటున్నాడు. డాక్టరమ్మ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. ఆవిడ కళ్లు తెరవకపోతే ఈయన మీద పడేది హత్య కేసు.

"చెప్పండి. చేపలు?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. "గమ్మున ఉన్నాయండి. నీళ్లు ఎర్రగా... ఆవిడ జుట్టు నీళ్లలో తేలుతోంది. చేపలు మాత్రం ఆ మూల చేరి మూతులాడిస్తున్నాయి, ఏదో తింటున్నట్టు."

"తింటున్నట్టా?"

అప్పటికి గాని ఆయనకి వెలగలేదు. కళ్లు తెరిచాడు. "అదేంటి... వాటికి పస్తు కదా! పేగులు కోసేముందు కడుపులు ఖాళీ అవ్వాలని మొన్న పొద్దుట్నించి మేత ఆపేశాం. పస్తున్న పండుగప్ప మనిషి అలికిడైతే చాలు, మీద పడి కరిచేట్టు దూకుతుంది. అవేంటి అంత నిమ్మళంగా..."

"ఎవరో మేత వేశారు గనక. మీరు వేశారా?"

"నా కూతురి మీద ఒట్టు. నా డబ్బా తాళమే తియ్యలేదు."

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మేత వాళ్లే వెయ్యాలి, ఎవరి డబ్బాకి వాళ్లదే తాళం. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక పెట్టుకున్న కట్టుబాటు. రెండో తాళంచెవి డాక్టరమ్మ దగ్గర కూడా ఉండదు.

"పొద్దున పోట్లాట ఎందుకు?"

"ఎందుకేంటండీ! నెల కిందట ఒక చేపని కోసి, మీ చేపల పేగులు పసిబిడ్డ పేగుల్లా ఉన్నాయి, దిగులు పడకండి అని ఆవిడే అంది. నిన్న పొద్దున మొహం మాడ్చుకుని, మూడో తొట్టి చేపకి పేగు చివర వాచిపోయింది అంది. నా పురుగుల పిండి తిని వాచడమేంటి? ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అన్నాను. మొగుడి మేత కోసం కళ్లకి గంతలు కట్టుకున్నావు అన్నాను." అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అనకూడని మాట. ఆవిడ అలాంటిది కాదు."

"మరి సాయంత్రం ఎందుకెళ్లారు?"

"ఆవిడే ఫోన్ చేసింది మధ్యాహ్నం. ఒక్కసారి రండి, మీ చేత్తో తొట్టి తట్టాలి అంది. ఇన్‌స్పెక్టరుగారికి అదే చెప్తే నవ్వారు."

"తట్టడమంటే?"

"మేత వేసేముందు తొట్టి గోడ మీద వేళ్లతో రెండుసార్లు తడతానండి. ఆ చప్పుడు వినపడితే చాలు, అన్నీ పైకొచ్చేస్తాయి. మిల్లాయనకీ ఉందిలెండి ఓ అలవాటు, తాళంచెవుల గుత్తి అంచుకి రాసుకుంటూ నడుస్తాడు. ఎవరి పిలుపు వాళ్లది." పక్కనున్న పొడి చొక్కాని అటు జరిపాడు. "కానీ ఈమధ్య అవి నా మీద అలిగాయండి. పస్తు పెట్టకముందు రెండ్రోజులు, తట్టినా ఒక్కటీ పైకి రాలేదు. మేత పడ్డాక వచ్చి, నోట్లోకి తీసుకుని ఉమ్మేశాయి."

"ఎప్పట్నించి ఈ అలక?"

"తొట్లు కడిగించినప్పట్నించి. ఐదు రోజులైంది. ఆ రోజు నాకు జ్వరం, రాలేకపోయాను. చేపల్ని డ్రమ్ముల్లోకి తీసి, కడిగాక మళ్లీ వదిలారు. డ్రమ్ముల్లో ఉన్నందుకు బెదిరాయనుకున్నా."

"ఎవరు దగ్గరుండి కడిగించారు?"

"టైమైపోయింది బావా!" వెనక నించి మా బావమరిది గొంతు. బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి కటకటాలకి ఆనుకున్నాడు. "ఏంటి, చేపలకి జాతకాలు చూస్తున్నావా?"

"షెడ్డు ఒకసారి చూడాలి."

"సీలు వేశాను."

"మీ అక్కకి ఫోన్ చెయ్యనా?"

కోపంతో వాడి మొహం కందగడ్డ అయింది. జేబులోంచి చీటీ తీసి, సంతకం గీకి నా మొహాన పారేశాడు. "మూడింటిలోపు నువ్వు ఏమీ తేలేవు. చూస్తూ ఉండు."

గుమ్మం దగ్గర పురుగులాయన కూతురు నిలబడి ఉంది. పొద్దున్నే మా ఇంటి తలుపు బాదింది ఆ పిల్లే. "మా నాన్న పురుగు నలిగితేనే అన్నం మానేస్తాడు సార్. మనిషిని కొడతాడా?" అంది మళ్లీ. చొక్కా మార్చుకోమని మీ నాన్నకి చెప్పమ్మా అని బయటపడ్డాను.

*

నేను పూర్వాశ్రమంలో పశువుల డాక్టర్ని. పశువు ఎప్పుడూ అబద్ధం చెప్పదు, చెప్పేది దాన్ని తోలుకొచ్చినవాడు. వాడి మాట వదిలేసి దాని కడుపు నొక్కి చూడటం అలవాటై, ఆ అలవాటే నన్ను ఈ వృత్తిలోకి లాక్కొచ్చింది. మా బావమరిది ఇప్పటికీ నన్ను గేదెల డిటెక్టివ్ అనే పిలుస్తాడు.

షెడ్డులో నడుము ఎత్తున నీలం రంగు ఫైబర్ తొట్లు. చేపలున్నవి రెండే, ఎదురెదురుగా. మిగతావి ఖాళీ. గాలి గొట్టాలు బుడబుడమంటున్నాయి. మూడో తొట్టికి "పురుగుల మేత" అని బోర్డు, ఐదో తొట్టికి "సోయా మేత" అని బోర్డు. మధ్యలో డాక్టరమ్మ బల్ల, దాని మీద మైక్రోస్కోపు, కత్తెరలు, తెరిచిన పెట్టెలో మందపాటి కళ్లజోడు. మూడో తొట్టి అంచున ఒకచోట నెత్తురు ఎండి నల్లబడింది. ఆవిడ వెనక్కి తూలి అక్కడ తల కొట్టుకుని ఉండాలి. ఊరికే తూలే మనిషి కాదు. ఎవరో తోశారు.

మేత డబ్బాలు రెండూ చూశాను. తాళాలు పదిలంగా ఉన్నాయి. గీత కూడా లేదు.

వల తీసుకుని ఒక్కో తొట్టిలోంచి రెండేసి చేపల్ని పట్టి ఐసు నీళ్లలో వేశాను. అవి కదలిక మానాక రెండు పళ్లేల్లో విడివిడిగా పెట్టాను. కత్తెర చేతిలోకి తీసుకున్నానో లేదో, గరగరమని చప్పుడు వినిపించింది.

మిల్లాయన. పోలికలు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయాడు. మాసిన గడ్డం, నిద్ర లేక గుంటలు పడ్డ కళ్లు, మోకాళ్ల దాకా వేలాడే తెల్లకోటు. తలుపు దగ్గర పోలీసు ఆయన్ని ఆపలేదు. ఆపడానికి మనసు ఎలా వస్తుంది? చేతిలో తాళంచెవుల గుత్తి తొట్టి అంచుకి రాసుకుంటూ నడిచొస్తున్నాడు, చేస్తున్నది తనకే తెలియనట్టు.

"ఆవిడ కళ్లజోడు కోసం వచ్చాను" అన్నాడు. "అది లేకపోతే ఆవిడకి ఎదుటి మనిషి కూడా ఆనడు. స్పృహ వస్తే ముందు అదే అడుగుతుంది."

నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో ఆయన మీద నాకు జాలి తప్ప మరేమీ లేదు.

"రెండు ముక్కలు అడగొచ్చా? నిన్న సాయంత్రం మీరు ఎక్కడున్నారు?"

"మిల్లులో. భోజనం చేసి వెళ్లినవాణ్ని, కబురు వచ్చేదాకా కదల్లేదు."

"ఈ షెడ్డుకి చివరిసారి ఎప్పుడొచ్చారు?"

"పస్తు మొదలుపెట్టిన రోజు. మేత ఆపేశాక మేత వేసేవాడికి ఇక్కడ పనేముంది?"

"భోజనం దగ్గర ఆవిడ ఏమైనా చెప్పారా?"

"ఆ పురుగులాయన్ని సాయంత్రం పిలిచానని చెప్పింది. కోపిష్టి మనిషి, వద్దన్నాను. విని ఉంటే ఇవాళ..." అన్నాడు. ఆ తరువాతి మాటలు నాకు వినపడలేదు. మూడో తొట్టిలో చేపలు లేచాయి. ఆయన నిలబడ్డ వైపుకే అన్నీ ఎగబడి టపటపా నోళ్లు కొడుతున్నాయి. నీళ్లు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. ఐదో తొట్టి మాత్రం నిశ్శబ్దంగా ఉంది.

ఆయన విసుగ్గా తొట్టి వంక చూశాడు. చెయ్యి దానంతటదే కోటు జేబులోకి వెళ్లింది. గుప్పెడు మేత తీసి మూడో తొట్టిలో విసిరాడు. ఏడిచే పిల్లాడి నోట్లో తాయిలం పెట్టినట్టు చేపలు చప్పున సద్దుమణిగాయి.

"ఏమన్నారు?" అన్నాడు నాకేసి తిరిగి.

"ఏమీ అనలేదు. మీరే ఏదో చెప్తున్నారు."

నేల మీద రెండు మేత గుళికలు పడ్డాయి. లేత పసుపు రంగువి. పురుగుల మేత కాఫీగింజ రంగులో ఉంటుంది. వాటి మీద కాలు వేసి నిలబడ్డాను. ఆయన బల్ల వైపు నడిచాడు, కళ్లజోడు కోసమే అనుకుంటాను. పళ్లేల దగ్గర ఆగిపోయాడు.

"ఇవెందుకు?"

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. పాత డాక్టరు గర్వం ఊరుకోనివ్వలేదు. "కోసి చూద్దామని. నిన్న సాయంత్రం ఏం తిన్నాయో, ఇన్నాళ్లుగా ఏం తిన్నాయో, రెండూ పేగుల్లోనే రాసుంటాయి కదా!" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. రెప్ప కొట్టలేదు.

"మంచిది. డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చే వేళైంది. నేనక్కడ ఉండాలి" అని వెనుదిరిగాడు. పోయేటప్పుడు తాళంచెవుల గుత్తి జేబులో వేసుకున్నాడు. చప్పుడు లేదు.

*

మూడో తొట్టి చేప కడుపు కోశాను. పస్తున్న చేప కడుపు ఖాళీ సంచిలా ఉండాలి. ఇందులో సగం కరిగిన పసుపు ముద్ద ఉంది. వేలికి రాసుకుని వాసన చూస్తే పచ్చి పప్పు వాసన. ఇప్పుడు విసిరింది కాదు, ఈ చేపల్ని నేను ఆయన రాకముందే పట్టాను. ఇది నిన్న సాయంత్రపు మేత. రెండో చేపలోనూ అంతే.

నిన్న ఏం జరిగిందో కళ్లకి కట్టింది. ఆవిడ నీళ్లలో పడగానే చేపలు లేచి గొడవ చేసి ఉంటాయి. చప్పుడుకి ఎవరైనా వస్తారని భయం. భయపడ్డ మనిషి బుర్రతో పని చెయ్యడు, అలవాటుతో చేస్తాడు. చెయ్యి జేబులోకి పోయింది. గుప్పెడు మేత పడింది. పక్కన పెళ్లాం మునిగిపోతుంటే చేపల్ని సముదాయించాడు.

తరువాత పేగు చివరిభాగం కోసి అద్దం కింద పెట్టాను. ఎర్రగా, మందంగా ఉబ్బిపోయి ఉంది. ఆరోగ్యమైన పేగు లోపలి మడతలు కొత్త తువ్వాలు పోగుల్లా నిలబడి ఉంటాయి. ఇవి అరిగిపోయి అణిగి ఉన్నాయి. సోయా ఎక్కువైతే మాంసం తినే చేపకి వచ్చే వాపు ఇది. ఒక్క గుప్పెడుతో రాదు, నెలల తరబడి తినాలి.

ఐదో తొట్టి చేపని కోశాను. సోయా తిని పెరిగిన చేపనే కదా బోర్డు చెప్పేది? కడుపు ఖాళీ. పేగు పల్చగా, నున్నగా, ఒక్క ఎర్ర చార లేకుండా ఉంది. పసిబిడ్డ పేగులా.

డాక్టరమ్మ ఫోన్లో అన్న మాట అప్పుడు అర్థమైంది. మీ చేత్తో తొట్టి తట్టాలి. ఆవిడకి అనుమానం వచ్చింది. దాన్ని తేల్చగలిగిన చెయ్యి ఒక్కటే అని గ్రహించింది. భోజనం దగ్గర ఆ సంగతి మొగుడితో చెప్పేసింది. సొంత మొగుడు కదా అనుకుంది.

"ఏంటి బావా, వంట మొదలుపెట్టావా?"

మా బావమరిది గుమ్మంలో ఉన్నాడు. నా మీద నమ్మకం లేక వెనకే వచ్చాడన్నమాట. సంగతి మొత్తం చెప్పాను. చేతులు కట్టుకుని, పెళ్లిలో లడ్డూ అడిగే పిల్లాణ్ని చూసినట్టు చూస్తూ విన్నాడు.

"కట్టుకున్నవాడు రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని ఏడ్చాడు. ఫిర్యాదు ఇచ్చింది ఆయన. నువ్వేమో చేప కడుపులో పసుపు ముద్ద ఉంది కాబట్టి ఆయన్ని పట్టుకోమంటావు. ఆ మేత నీ పురుగులాయనే వేసి ఉండచ్చుగా?"

"సోయా డబ్బాకి తాళం. చెవి ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. తాళం మీద గీత కూడా లేదు, చూసుకో."

"కింద పడ్డది ఏరి ఉండచ్చు."

"పస్తు పెట్టి మూడో రోజు. నేలంతా కడిగేశారు. పైగా ఇప్పుడే, నా కళ్ల ముందు, జేబులోంచి తీసి విసిరాడురా!" కాలు పక్కకి తీసి గుళికలు చూపించాను.

"భార్య అలా ఉంటే మనిషికి మతి ఎక్కడుంటుంది? విసిరాడు. అయితే? కోర్టులో జడ్జిగారు, సాక్షి ఎవరయ్యా అంటే, పండుగప్పండీ అనమంటావా?" గొంతు పెంచాడు. "ఉద్యోగం నాది బావా! రేపు పేపర్లో పడేది నా మొహం. నీదేం పోయింది, నువ్వు గేదెల దగ్గరికి తిరిగి పోతావు!"

"నీ ఉద్యోగం కోసమే చెప్తున్నా. ఇలా రా. ఆ మూడో తొట్టిని వేళ్లతో రెండుసార్లు తట్టు."

"నాకేం పిచ్చా?"

"తట్టరా! తడితే నీ సొమ్మేం పోదు. చేపలు రాకపోతే మీ అక్క ముందు నీ కాళ్లు పట్టుకుంటా."

ఆ ఆశ బాగా పనిచేసింది. వెళ్లి మూడో తొట్టి గోడ మీద వేళ్లతో తట్టాడు. టక్, టక్. నీళ్లలో కదలిక లేదు. చేపలు అడుగున ఎక్కడివక్కడే ఉన్నాయి. నా వైపు విజయగర్వంతో తిరిగాడు.

"ఇప్పుడు ఐదో తొట్టి."

టక్, టక్.

నీళ్లు ఒక్కసారిగా పగిలాయి. ఐదో తొట్టిలో చేపలన్నీ నోళ్లు తెరుచుకుని వాడి చేతి మీదికి దూకాయి. వాడు కెవ్వుమని రెండడుగులు వెనక్కి వేశాడు. టోపీ తొట్టిలో పడింది.

"అవి నీ పిలుపుకి రాలేదు, పురుగులాయన పిలుపుకి వచ్చాయి" అన్నాను. "నెలల తరబడి ఆ చప్పుడు విని పురుగుల మేత తిన్న చేపలివి. పేగులు శుభ్రంగా ఉన్నవి కూడా వీటికే. ఇక ఇది చూడు." నా ఇంటి తాళంచెవులు తీసి మూడో తొట్టి అంచున గరగర రాశాను. అందులో చేపలన్నీ నా చేతికిందికి ఎగబడ్డాయి. "ఇవి మిల్లాయనవి. సోయా తిని పేగులు వాచినవి. పోటీ ఓడిపోతానని ముందే తెలుసుకుని, తొట్లు కడిగిన రోజు చేపల్ని మార్చి వదిలాడు. బోర్డులు అవే, తొట్లు అవే, లోపలి చేపలే వేరు. తన మేత తెచ్చిన వాపుకి నెపమంతా పురుగుల మీదికి పోవాలని."

బావమరిది నీళ్లలో తేలుతున్న టోపీ వంక చూస్తున్నాడు. వంగి దాన్ని తీసి దులుపుతూ అన్నాడు. "తొట్లు కడిగించింది మిల్లాయనే. వాచ్‌మన్ చెప్పాడు నాకు. పెద్ద విషయం కాదనుకున్నా."

వాణ్ని దెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం నాకు ఈ జన్మలో రాదు. కానీ అప్పుడే నా చూపు బల్ల మీద పడింది.

తెరిచిన పెట్టెలో మందపాటి కళ్లజోడు అలాగే ఉంది.

దాని కోసమే వచ్చిన మనిషి దాన్ని తీసుకోకుండా పోయాడు. పేగులు కోస్తానని నేను చెప్పగానే పోయాడు. చేప కడుపులో ఉన్న సాక్ష్యం కోర్టు కొట్టేస్తే కొట్టుకుపోవచ్చు. డాక్టరమ్మ కళ్లు తెరిచి చెప్పే సాక్ష్యం కొట్టుకుపోదు. ఆ తొందర వాడికి పుట్టించింది నేనే. నా వాగుడే.

"ఆసుపత్రికి ఫోన్ చెయ్యి! ఇప్పుడే!"

వాడు మారు మాట్లాడకుండా నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల కానిస్టేబుల్ ఎత్తాడు. గొంతు సంబరంగా ఉంది.

"మీకే చేద్దామనుకుంటున్నా సార్! డాక్టరమ్మగారు కళ్లు తెరిచారు."

"పక్కన ఎవరున్నారు?"

"ఇంకెవరు సార్, వాళ్లాయనే. ఇప్పుడే వచ్చారు. పాపం ఆవిడకి చూపు ఆనుతున్నట్టు లేదు. ఎవరూ, ఎవరూ అంటూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే కళ్లనీళ్లొచ్చాయనుకోండి."

"నువ్వు ఎక్కడున్నావు?"

"వరండాలో సార్. కాసేపు మమ్మల్ని వదిలెయ్యండి అని నర్సునీ నన్నూ బయటికి పంపి, తలుపేసుకున్నారు. మొగుడూపెళ్లాలు కదా, మనమెందుకు మధ్యలో అని..."

"తలుపు తియ్యి! బద్దలుకొట్టు!" అని మా బావమరిది అరిచిన అరుపుకి రెండు తొట్లలోనూ చేపలు చెదిరాయి.

అవతల అడుగులు పరుగెత్తిన చప్పుడు. ఊపిరి బరువుగా వినిపిస్తోంది. నా చేతిలో ఆవిడ కళ్లజోడు ఉంది, ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

"లోపల గడియ పెట్టారు సార్" అన్నాడు కానిస్టేబుల్. సంబరం పోయింది.

తలుపు తట్టాడు. టక్, టక్. స్పీకరులో స్పష్టంగా వినిపించింది.

మళ్లీ తట్టాడు.

లోపలి నించి ఎవరూ రాలేదు.